కొత్త కుక్క కనబడినా మన కుక్క నెమ్మదిగా ఉండాలంటే

పొద్దున్న అయిదూ ముప్పావు. మా వీధి చివర పాల బూత్ ముందు ఆగి ఉన్న ఆటో కింద మూడు వీధికుక్కలు పడుకుని ఉన్నాయి. మా పండు వాటిని నాకంటే ముందే చూశాడు. అప్పటిదాకా నాలుక వేలాడేసుకుని, తోక ఊపుకుంటూ నడుస్తున్నవాడు ఠక్కున నోరు మూసేశాడు. ఒంటి బరువంతా ముందుకాళ్ల మీదికి వచ్చింది. చెవులు రెండూ ముందుకు తిరిగాయి. ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం అలా నిలబడిపోయాడు. చెయ్యకూడని పని నేను సరిగ్గా అప్పుడే చేశాను. గొలుసు గట్టిగా వెనక్కి లాగి "ఏయ్, పండూ!" అని కసిరాను. ఆ తర్వాత వీధి వీధంతా లేచింది.

పండు మన ఊరి కుక్కే. ఆరు నెలల వయసులో కూకట్‌పల్లి వైపు ఒక సందులోంచి ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికే ఏదో గుంపు మీదపడి కరిచిన మచ్చ వాడి తొడ మీద ఉంది. వాడికి నేర్పుతూ నేను నేర్చుకున్నదాన్ని ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను. అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మనం నేర్పాల్సింది "మొరగకు" అని కాదు. వేరే కుక్క కనబడినంత మాత్రాన ప్రమాదం లేదని వాడి ఒంటికి తెలియాలి. అందుకు దూరమే మందు. మిగతావన్నీ అనుపానాలు.

అసలు ఎందుకలా మీదికి దూకుతారు

ఎక్కువ కుక్కల్లో కారణం భయం. "నువ్వు దగ్గరికి రాకముందే నేనే అరిచి తరిమేస్తాను" అన్న లెక్క. అవతలి కుక్క ఎలాగూ తన దారిన తాను వెళ్లిపోతుంది. మనవాడికి మాత్రం తన అరుపు పనిచేసినట్టే తోస్తుంది, అందుకే రేపు ఇంకాస్త గట్టిగా అరుస్తాడు. ఇంకొన్ని కుక్కలది భయం కాదు, ఉక్రోషం. వెళ్లి ఆడుకోవాలని ఉంటుంది, గొలుసు వెళ్లనివ్వదు. ఆరేడు నెలల లాబ్రడార్ పిల్లల్లో ఇది తరచు కనిపిస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. చికిత్స కూడా చాలావరకు ఒకటే.

కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ రోజుల్లో చూసినవాటిని తర్వాత మామూలుగా తీసుకుంటుంది. టీకాలు పూర్తయ్యేదాకా మనం పిల్లను మూడో అంతస్తులోనే ఉంచేస్తాం కాబట్టి ఆ అవకాశం కాస్తా చేజారిపోతుంది. మీ ఇంట్లో ఇప్పుడు చిన్న పిల్ల ఉంటే నేల మీద వదలకుండా చంకనెత్తుకుని గేటు దగ్గర పది నిమిషాలు నిలబడండి. దూరం నుంచి కుక్కల్ని, ఆటోల్ని, చీపురు పట్టుకున్నవాళ్లని చూడనివ్వండి. ఆ వయసు దాటిపోయిందని దిగులు పడక్కర్లేదు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని నాతో చాలామంది అన్నారు. కుక్కల విషయంలో ఆ సామెత చెల్లదు. ఎనిమిదేళ్ల కుక్క కూడా నేర్చుకుంటుంది, కాకపోతే కాస్త ఎక్కువ రోజులు పడుతుంది.

ముందు పశువుల డాక్టరు దగ్గరికి

నిన్నటిదాకా బాగానే ఉన్న కుక్క ఉన్నట్టుండి వేరే కుక్కల మీద విరుచుకుపడుతుంటే ముందు నొప్పిని అనుమానించండి. చెవిలో చీము, తుంటి కీలు అరుగుదల, పంటి నొప్పి, మన ప్రాంతంలో ఎప్పుడూ ఉండే గోమార్ల జ్వరం, వీటిలో ఏదున్నా ఓపిక నశిస్తుంది. నొప్పితో ఉన్నవాడికి శిక్షణ ఎక్కదు. పనిలో పనిగా రేబిస్ టీకా, ఏటా వేయించే మిగతా టీకాలు తాజాగా ఉన్నాయో లేదో చూసుకోండి. మనం నడవబోయేది వీధికుక్కల మధ్య. ఇందులో రాజీ పడకూడదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఇనప గొలుసు తీసి పక్కన పెట్టండి. అది బరువు, చప్పుడు, పైగా చెయ్యి కోస్తుంది. సుమారు రెండు మీటర్ల నైలాను లేదా నూలు లీష్, ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్ చాలు. మెడ బెల్టుకే కట్టి నడిపిస్తే వాడు ముందుకు ఉరికిన ప్రతిసారీ గొంతు బిగుసుకుంటుంది. బటన్ నొక్కితే సాగే లీష్ మాత్రం ఈ పనికి అస్సలు వద్దు. అవసరమైన క్షణంలో అది ఆగదు.

తర్వాత తిండి. గుప్పెడు బిస్కెట్లతో పని జరగదు. వీధికుక్క ఎదురైనప్పుడు ఆ బిస్కెట్ వాడికి మట్టితో సమానం. ఎముక లేని చికెన్ ఉప్పూ కారం లేకుండా ఉడికించి శనగగింజంత ముక్కలు చేసుకోండి. పనీర్, ఉడకబెట్టిన గుడ్డు, కొద్దిగా ఉడికిన లివరు కూడా పనికొస్తాయి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూరముక్క పెట్టకండి. అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే. ఈ చిరుతిండి రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకుండా చూసుకోండి, దాటిన రోజు రాత్రి అన్నం తగ్గించండి. ముక్కలన్నీ నడుముకు కట్టుకున్న చిన్న సంచిలో ఉండాలి. జేబులోంచి ప్లాస్టిక్ కవరు లాగి, ముడి విప్పి, ముక్క తీసేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

మీ కుక్క ఇంతకు ముందు ఏ కుక్కనైనా కరిచి ఉంటే బుట్టలా ఉండే మూతికట్టు అలవాటు చేయండి. గుడ్డతో నోరు బిగించేది కాదు, లోపల నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండేది. మొదటి వారమంతా అందులో పెరుగన్నం పెట్టి నాకించండి, కట్టకండి.

వాడి ఒంటి భాష

మొరగడం ఆఖరి మాట. అంతకు ముందే వాడు చాలా చెప్పి ఉంటాడు. పండు విషయంలో మొదటి గుర్తు నోరు మూసుకోవడం. మీవాడిది ఇంకోటి కావచ్చు. తోక కర్రలా బిగుసుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్క చూపు చూడటం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, వెన్ను మీద వెంట్రుకలు లేవడం. ఆవలించడం, మొహం తిప్పుకోవడం, నేల వాసన చూడటం లాంటివి "గొడవ వద్దు" అని అవతలి కుక్కకు పంపే కబుర్లని నార్వేకు చెందిన శిక్షకురాలు ట్యూరిడ్ రూగాస్ వివరించింది. ఇది చదివాక వీధికుక్కల్ని బాల్కనీలోంచి గమనించాను. ఒకదానికొకటి ఎదురుగా సూటిగా నడిచి వచ్చేవి చాలా తక్కువ. విల్లులా ఒక వంపు తిరిగి, పక్కనుంచి వస్తాయి. మనమేమో లీష్ పట్టుకుని సన్నటి సందులో మొహానికి మొహం ఎదురుగా నడిపిస్తాం. వాటి మర్యాదలో అది దాడికి వచ్చినట్టే.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన గుర్తు మాత్రం వేళ్ల మీద తెలిసేది. నెమ్మదిగా ఉన్నప్పుడు పండు పెదవులతో ముక్క తీసుకుంటాడు, పళ్లు తగలవు. కంగారు మొదలైతే పళ్లు గీసుకుంటాయి. ఇంకాస్త పెరిగితే వేలితో సహా లాక్కుంటాడు. హద్దు దాటితే మూతి దగ్గర పెట్టిన చికెన్ కూడా వాడికి కనబడదు, ముక్క నేల మీద పడిపోతుంది. పళ్లు గీసుకోవడం మొదలవగానే నేను నాలుగడుగులు వెనక్కి వేస్తాను. ఈ ఒక్క అలవాటు మా గొడవల్లో సగం తగ్గించింది.

మొదటి మెట్టు: ఇంట గెలిచి రచ్చ గెలవడం

బయటికి వెళ్లే ముందు ఇంట్లో మూడు మాటలు నేర్పాలి.

ఒకటి "భలే". ఈ మాట అన్న వెంటనే ముక్క నోట్లో పడాలి. ఏ పనీ అడగక్కర్లేదు. భలే, ముక్క. భలే, ముక్క. రోజుకు మూడుసార్లు, పదిహేనేసి ముక్కలు. మూడు నాలుగు రోజులకి ఆ మాట వినగానే మీ మొహం వైపు తిరుగుతాడు. మాట మీ ఇష్టం. గట్టిగా, పొట్టిగా, ఇంట్లో వేరే సందర్భంలో వాడనిదై ఉండాలి.

రెండోది "పద పద". హాల్లో నడుస్తూ ఆ మాట అని, వెనక్కి తిరిగి, ఉత్సాహంగా నాలుగడుగులు వేయండి. వెంట వచ్చాడా, ముక్క. లీష్ లాగకండి. మీ గొంతు, మీ పాదాలే వాడిని తిప్పాలి. తర్వాత మెట్ల మీద, సెల్లార్‌లో, గేటు దగ్గర, చివరికి ఖాళీ వీధిలో. కుక్కలు లేనప్పుడే ఇది యాభైసార్లు చేసి ఉండాలి. కుక్క కనబడినప్పుడే ఈ మాట వాడితే "పద పద" అంటే ఎక్కడో కుక్క ఉందన్న హెచ్చరికగా మారిపోతుంది.

మూడోది "వెతుకు". గుప్పెడు ముక్కలు గడ్డిలో చల్లి వెతుక్కోనివ్వడం. తల కిందికి దించి ముక్కుతో పనిచేస్తున్న కుక్క ఒళ్లు సడలుతుంది. పైగా దూరం నుంచి చూసే కుక్కకు కూడా "వీడు గొడవకు రాలేదు" అని తెలుస్తుంది.

రెండో మెట్టు: దూరం కొలవడం

వేరే కుక్కను చూసినా మీవాడు ముక్కను పెదవులతో నెమ్మదిగా తీసుకోగలిగే దూరం ఎంతో కనుక్కోండి. టేపు అక్కర్లేదు. మన వీధుల్లో ఆగి ఉండే చిన్న కారు పొడవు నాలుగు మీటర్ల లోపే. నేను కార్లతోనే కొలిచాను. మొదట్లో పండు దూరం పన్నెండు కార్లు, అంటే యాభై మీటర్లకు కొంచెం తక్కువ. నల్ల కుక్కైతే ఇంకో రెండు కార్లు కలిపేవాణ్ణి. పడుకున్న కుక్కకి, నడుస్తున్న కుక్కకి, పరిగెత్తే కుక్కకి దూరం ఒకటి కాదు. చీకట్లో పెరుగుతుంది. ముందురోజు రాత్రి టపాకాయలు పేలితే పెరుగుతుంది.

మా వీధి అంత పొడుగు లేదే అంటారేమో. ఇంటి గుమ్మంలోనే మొదలుపెట్టాలని ఏమీ లేదు. సెలవురోజు బడి ఆటస్థలం బయట, చెరువు గట్టు, ఇంకా కట్టని ప్లాట్ల వెంచర్ రోడ్డు, ఎక్కడైనా సరే. హైదరాబాద్‌లో ఉంటే కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కట్టించిన డాగ్ పార్కు ఉంది. లోపలికి తీసుకెళ్లకండి, ఈ దశలో అది పులి బోనులోకి తోసినట్టే. కంచె బయట, దూరంగా, లోపలి కుక్కలు కనబడీ కనబడనట్టు ఉండే చోట నిలబడటానికి మాత్రం అది మంచి జాగా.

మూడో మెట్టు: కుక్క కనబడితే కోడిమాంసం

ఇదే ఈ శిక్షణకు గుండెకాయ. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల జీర్ణవ్యవస్థ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. తిండి ఇంకా నోట్లో పడకముందే, దాని రాకను సూచించే గుర్తు చాలు, కుక్క నోట్లో నీరూరుతుందని ఆయన గమనించాడు. మనకు కావాల్సింది అదే. వేరే కుక్క కనబడటం మీవాడికి చికెన్ రాబోతోందన్న గుర్తు కావాలి.

కుర్చీ వేసుకున్నట్టు ఒకచోట నిలబడండి. దూరంలో కుక్క కనబడింది. మీవాడు దాన్ని చూశాడు. "భలే", ముక్క. ఇంకా కనబడుతోందా, ఇంకో ముక్క. ఇంకోటి. ఆ కుక్క కారు చాటుకి వెళ్లింది, చేతులు కట్టుకోండి, తిండి బంద్. మళ్లీ కనబడింది, మళ్లీ మొదలు. కూర్చోమనకండి, మీ వైపు చూడమనకండి, ఏ పనీ అడగకండి. వాడు మంచిగా ఉన్నందుకు ఇస్తున్న జీతం కాదిది. కుక్క కనబడింది కాబట్టి చికెన్ వచ్చింది, అంతే.

వరస తప్పితే అంతా చెడుతుంది. ముందు కుక్క, తర్వాత ముక్క. మనం కంగారులో కుక్కను దూరం నుంచి చూడగానే, వాడింకా చూడకముందే మూతి దగ్గర చికెన్ పెట్టి ఏమార్చబోతాం. నాలుగుసార్లు అలా జరిగితే వాడికి అర్థమయ్యేది వేరు. "చికెన్ తీశారంటే ఎక్కడో కుక్క వస్తోంది." అప్పుడు సంచి మూత చప్పుడుకే తల ఎత్తి దిక్కులు చూడటం మొదలుపెడతాడు. నాకు మూడు వారాలు ఇలాగే పోయాయి.

ఒక విడత అయిదు నుంచి పది నిమిషాలు. వారానికి మూడు నాలుగుసార్లు చాలు. ఇంకా బాగున్నప్పుడే ముగించి ఇంటికి రండి.

నాలుగో మెట్టు: వాడంతట వాడే తిరిగి చూడటం

రెండు మూడు వారాలకి ఒక రోజు కుక్కను చూసి, మీరు "భలే" అనేలోపే మీ వైపు తిరుగుతాడు. "అదిగో కుక్క, నా చికెన్ ఏది" అన్నట్టు. ఆ చూపును జారనివ్వకండి. ఒకటి కాదు, అయిదారు ముక్కలు ఒక్కొక్కటిగా ఇవ్వండి.

ఇక్కడినుంచి కుక్కను చూసి, తనంతట తాను మీ వైపు తిరిగినప్పుడు మాత్రమే "భలే". రెండు మూడు సెకన్లు ఆగండి. తిరగకపోతే చూపుకే "భలే" అనేయండి. అయిదు సెకన్లు దాటి గుడ్లప్పగించి చూస్తుంటే మీరు దగ్గరగా ఉన్నారని అర్థం. పద పద.

దూరం తగ్గించడం ఒక్కో కారు చొప్పున. ఒకే దూరంలో మూడు విడతలు నిమ్మళంగా గడిచాకే ఒక కారు ముందుకు. ఒకే విడతలో రెండుసార్లు మొరిగితే రెండు కార్లు వెనక్కి. చిన్న నోటుపుస్తకంలో తేదీ, చోటు, దూరం, ముక్క ఎలా తీసుకున్నాడు అని ఒక్కో మాటలో రాసుకోండి. పదిరోజుల తర్వాత ఏమీ మారలేదని నీరసం వచ్చినప్పుడు ఆ పుస్తకమే నిజం చెబుతుంది.

అయిదో మెట్టు: పక్కపక్కన నడక

దూరం నాలుగైదు కార్లకు తగ్గాక తెలిసినవాళ్ల కుక్క ఒకటి కావాలి. పెద్ద వయసుది, నిదానంగా ఉండేది. మాకు పై అంతస్తులో తొమ్మిదేళ్ల ఆడ లాబ్రడార్ దొరికింది. ఎదురెదురుగా కాకుండా ఇద్దరూ ఒకే దిక్కుగా, రోడ్డుకు చెరో అంచున నడవాలి. కుక్కలు రెండూ బయటి వైపు, మనుషులు మధ్యలో. పదిహేను నిమిషాలు. కాసేపు వాళ్లు ముందు, మీరు వెనక. తర్వాత తారుమారు. ముందు నడిచిన కుక్క వాసన చూసిన చోటునే వెనక వచ్చేది చూస్తుంది. ఆ పరిచయం మొహాలు కలవడం కంటే చాలా మెత్తనిది. నాలుగైదు రోజుల్లో మధ్య జాగా కొంచెం కొంచెం తగ్గించండి.

రెండు కుక్కలూ ఒళ్లు వదులుగా పెట్టుకుని ఉంటేనే పలకరింపు. లీష్ వదులుగా ఉంచి, పక్కనుంచి, మూడు సెకన్లు. మనసులో ఒకటి రెండు మూడు అనుకుని "పద పద". బిగిసిన లీష్‌తో కుక్కను ఇంకో కుక్క మొహం మీదికి తీసుకెళ్లవద్దు. వాడికి ఒళ్లు ముందుకు తూలుతుంది, అవతలి కుక్క దాన్ని బెదిరింపుగా చూస్తుంది. అసలు ప్రతి కుక్కా ప్రతి కుక్కతో స్నేహం చెయ్యాలని లేదు. పక్కనుంచి వెళ్లిపోగలిగితే చాలు. పండుకు ఇప్పటికీ స్నేహితురాలు ఆ లాబ్రడార్ ఒక్కతే.

వీధికుక్కల మధ్య

ఇంతవరకు రాసింది పుస్తకాల్లో ఎక్కడైనా దొరుకుతుంది. విదేశాల్లో రాసినవాటిలో దొరకనిది ఇది. అక్కడ ఎదురయ్యే కుక్క లీష్ మీద ఉంటుంది, దూరం మనం నిర్ణయించుకోవచ్చు. ఇక్కడ ఎదురయ్యేది తన వీధిలో తాను స్వేచ్ఛగా ఉన్న కుక్క, ఒక్కోసారి అయిదుగురి గుంపు. దూరం అవే నిర్ణయిస్తాయి.

అందుకే ముందు ఒక వారం మీ కుక్క లేకుండా నడిచి కాలనీ పటం గీసుకోండి. ఏ గుంపుది ఏ సందు? చికెన్ సెంటర్ ముందు ఎన్ని, చెత్తకుండీ దగ్గర ఎన్ని, ఫంక్షన్ హాలు వెనక ఎంగిలాకులు పడేసే చోట ఎన్ని? ఏ వేళకు ఎక్కడ పడుకుంటాయి? పొద్దున్నే, చీకటి పడ్డాక చురుగ్గా ఉంటాయి. ఎండెక్కితే కార్ల కింద చేరతాయి. ఇది తెలిస్తే మీ దారి, మీ వేళ మీరే ఎంచుకోవచ్చు. అలాగని ఎండవేళ తీసుకెళ్లకండి. ఏప్రిల్, మే నెలల్లో తారు రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే వాడి పాదాలకూ అది పెనమే.

కాలం కూడా చూడాలి. చిత్తకార్తెలో కుక్కల గుంపులు ఎలా ఉంటాయో మన పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. అక్టోబరు ప్రాంతంలో ఎదకొచ్చిన ఆడకుక్క వెనక మగవన్నీ చేరతాయి, చిన్న చూపుకే కలబడతాయి. కుక్క చూలు సుమారు 63 రోజులు. కాబట్టి డిసెంబరు, జనవరిలో ఇసుక కుప్పల చాటున పిల్లల తల్లులుంటాయి. పిల్లలున్న తల్లి సందులోకి ఎంత నేర్చిన కుక్కనైనా తీసుకెళ్లకండి. ఆ రెండు కాలాల్లో నేను కొత్త మెట్టు మొదలుపెట్టను, పాతవే నెమరువేయిస్తాను.

వీధికుక్కలకు తిండి పెట్టేవాళ్లతో పరిచయం చేసుకోండి. మా కాలనీలో రాత్రి తొమ్మిదింటికి అన్నం పెట్టే ఒక పెద్దావిడకు ప్రతి కుక్క పేరూ, దాని గుణమూ తెలుసు. "ఆ ఎర్రదాన్ని చూసి భయపడకు నాయనా, అరుస్తుందంతే. మచ్చలోడు మాత్రం చెప్పకుండా వస్తాడు" అని ఆవిడ చెప్పిన ముక్క నాకు ఏ శిక్షకుడూ చెప్పలేదు. తిన్న తర్వాత అరగంట అవి చాలా శాంతంగా ఉంటాయి. మా వీధి గుంపుతో మూడో మెట్టు అంతా ఆ అరగంటల్లోనే చేశాం. చెవి కొస కత్తిరించి ఉన్న కుక్క కనబడితే దానికి పిల్లలు పుట్టని ఆపరేషన్ అయిందని గుర్తు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసిన వీధికుక్కను మామూలుగా పట్టుకున్న చోటే తిరిగి వదులుతారు. అంటే వీధిలో పరిచయమున్న కుక్కలు వీధిలోనే ఉంటాయి. మీవాడు నేర్చుకోవాల్సింది వాటి పక్కన బతకడమే.

ఎంత చూసుకున్నా ఒక రోజు ఏదో ఒక కుక్క మీదికి వస్తుంది. అప్పుడు పరిగెత్తకండి. మీవాడిని మీ వెనక్కి తెచ్చుకుని, నిటారుగా నిలబడి, అరచెయ్యి ముందుకు చాచి ఒక్కసారి గట్టిగా "ఆగు!" అనండి. వెంటనే సంచిలోని చికెన్ గుప్పెడు తీసి వచ్చే కుక్క మొహం ముందు నేల మీద చల్లండి. చాలా కుక్కలు ఆగిపోతాయి. అవి ఏరుకుంటుండగా, వీపు చూపకుండా, ఆగి ఉన్న కారును అడ్డం పెట్టుకుంటూ వెనక్కి నడవండి. గొడుగు ఉంటే దాన్ని టప్పున విప్పడం కూడా పనిచేస్తుంది, కాకపోతే ముందు ఇంట్లో మీవాడికి దాన్ని అలవాటు చేయాలి. రాయి విసరకండి. వంగి రాయి తీస్తున్నట్టు కనబడితే వీధికుక్కలు తప్పుకునే మాట నిజమే. కానీ మీ కుక్క కూడా అది చూస్తుంది. కుక్క ఎదురైతే మా మనిషి కూడా భయపడి ఆవేశపడతాడని నేర్చుకుంటుంది.

పంటి గాటు పడితే, గీరుకున్నా సరే, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మీ కుక్కకు గాటు పడితే టీకాలు తాజాగా ఉన్నా డాక్టరుకు చూపించి మళ్లీ టీకా వేయించండి.

లిఫ్టు, సెల్లార్, బాల్కనీ

లిఫ్టు తలుపు తెరుచుకోగానే రెండడుగుల దూరంలో ఇంకో కుక్క ఉండటం కంటే కష్టమైన పరీక్ష లేదు. కొన్నాళ్లు మెట్లే వాడండి. తప్పకపోతే తలుపుకు దూరంగా మూలకి నిలబెట్టి, మీరు మధ్యలో నిలబడి, "వెతుకు" అని ముక్కలు చల్లండి. వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి ఉంచితే ఎవరి కుక్క ఎప్పుడు దిగుతుందో చెబుతాడు.

లీష్ లేకుండా కుక్కను వదిలి "మావాడు ఏమీ అనడండీ!" అని దూరం నుంచి కేకేసేవాళ్లు ప్రతి కాలనీలో ఉంటారు. కోప్పడితే మన గొంతు బిగుసుకుంటుంది, లీష్ గుండా అది మన కుక్కకు చేరుతుంది. నేను అనే మాట ఇది: "మీవాడు మంచోడేనండీ, మావాడికే భయం. ఒక్క నిమిషం పట్టుకోరూ?" ఎవరూ కాదనలేదు.

బాల్కనీ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పొద్దంతా గ్రిల్లు సందులోంచి కిందికి చూస్తూ దారిన పోయే ప్రతి కుక్క మీదా మొరిగేవాడు, రోజుకు ముప్పైసార్లు మొరగడమే సాధన చేస్తున్నాడు. మీ పది నిమిషాల శిక్షణ దాని ముందు ఏపాటి? వాడి ఎత్తు వరకు ఆకుపచ్చ నెట్ కట్టండి. మాకు ఒక్క వారంలో తేడా కనబడింది.

గుర్రుమనడాన్ని కొట్టి మాన్పకండి

మొదటి ఏడాది నేనూ ఒక శిక్షకుణ్ణి పిలిపించాను. మెడకు బిగుసుకునే గొలుసు వేసి, పండు గుర్రుమన్న ప్రతిసారీ ఝాడించి లాగేవాడు. రెండు వారాలకి పండు గుర్రుమనడం మానేశాడు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. మూడో వారం ఒక పక్కింటి కుక్క దగ్గరికొస్తే చప్పుడు లేకుండా, హెచ్చరిక లేకుండా నేరుగా కరిచాడు. భయం తగ్గలేదు, దాన్ని చెప్పుకునే గొంతు మాత్రం పోయింది. పైగా ఆ నొప్పిని వాడు ఎదురుగా ఉన్న కుక్కకే ముడిపెట్టుకున్నాడు. కుక్క కనబడితే మెడ నొక్కుకుపోతుందన్నది వాడు నేర్చుకున్న పాఠం. ఆ పాఠం చెరపడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

"మొరిగే కుక్క కరవదు" అన్న ధీమా కూడా వద్దు, భయపడినవాడు రెండూ చేస్తాడు. కుక్కలకు బాధపెట్టకుండా, బహుమతితోనే నేర్పాలని అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం ఏవీఎస్‌ఏబీ 2021లో స్పష్టంగా ప్రకటించింది. ముల్లు బెల్టులు, కరెంటు బెల్టులు వద్దంది. గుర్రుమంటే నేను ఇప్పుడు పండుకు మనసులోనే దండం పెట్టుకుని వెనక్కి నడుస్తాను. భయపడ్డవాణ్ణి నిమిరితే భయం పెరుగుతుందనే మాట కూడా నమ్మకండి. వాడికి ఇష్టమైతే ఛాతీ మీద మెల్లగా నిమరండి.

ఎంతకాలం

ఒకరోజు బాగా గొడవ జరిగితే ఆ ఉద్రేకం ఒంట్లోంచి దిగడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఆ రెండు రోజులు వీధి వద్దు. మేడ మీద ముక్కులాట ఆడించండి, నిద్రపోనివ్వండి. దీపావళి వారం, వినాయక నిమజ్జనం డప్పుల రోజులు కూడా అంతే.

పండు పన్నెండు కార్ల నుంచి రెండు కార్లకు రావడానికి ఏడు నెలలు పట్టింది. కొందరికి రెండు నెలలు, కొందరికి ఏడాదిన్నర. యాభై మీటర్ల దూరంలో కూడా చికెన్ ముట్టకపోతే, ఇంట్లో కూడా నిలకడగా ఉండలేకపోతే, కరిచే దాకా వస్తే, ప్రవర్తన సమస్యలు చూసే పశువైద్యుణ్ణి కలవండి. కొన్ని కుక్కలకు భయం తగ్గించే మందు తోడైతేనే పాఠం తలకెక్కుతుంది. ఆ మందు డాక్టరే రాయాలి. ఇంట్లో మనుషులు వేసుకునే మాత్ర ఏదీ ఇవ్వకండి.

ఇప్పుడు పాల బూత్ ముందు ఆ మూడు కుక్కలూ ఉన్నా పండు చూస్తాడు, నా వైపు తిరుగుతాడు, ముక్క తీసుకుంటాడు, మేం దాటిపోతాం. ఫంక్షన్ హాలు వెనక మచ్చలోడు కనబడితే మాత్రం ఈనాటికీ రోడ్డు దాటి అవతలి అంచున నడుస్తాం. పండుకు అయిదేళ్లు నిండుతున్నా నడుముకు చికెన్ సంచి లేకుండా నేను గేటు దాటను.